వంకాయ రంగు పువ్వు

ఇరవై ఆరేళ్ళుగా నెల్లూరులో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తున్నాను. ఇన్నేళ్ళలో ఒకే ఒక్కసారి పువ్వును చేత్తో పట్టుకుని ఇది పువ్వు కాదన్నాను. అదీ క్లాసులో కాదు. మైపాడు పక్కన మా జాలరి పాళెంలో, ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దమనిషి ముందర. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. సరే, నా చెంప ఎక్కడికీ పోదు. ముందు మా అక్క సంగతి చెప్పాలి.

మా అక్క పూలు కడుతుంది. ఇంటి వెనక ఇసక నేలలో కనకాంబరం వేసుకుంది. పొద్దున్నే కోసి, అరటినార తడిపి, మధ్యాహ్నానికల్లా మూరలు కట్టి, బీచికొచ్చే బస్సులు ఆగే చోట కూర్చుని అమ్ముతుంది. పూలజడ కుట్టడంలో మాత్రం చుట్టుపక్కల పాళేలన్నిటిలో ఆమెను మించిన చెయ్యి లేదు. పెళ్ళికూతురికైనా, కడుపుతో ఉన్న పిల్లకైనా అక్క కుట్టిన జడే కావాలంటారు. నడుం దాకా వచ్చే జడను ఒక్క రేకు నలగకుండా కుట్టి, తడిగుడ్డ కప్పి, పళ్ళెంలో పెట్టి పంపిస్తుంది. పంపిస్తుందన్నాను, గమనించండి. తనే తీసుకుపోయి పెట్టదు.

ఎందుకంటే ఎనిమిదేళ్ళ కింద బావ వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పదో రోజున ముసలివాళ్ళు నలుగురు చేరి అక్క తల్లో పూలు తీసేశారు. నేను పక్కనే ఉన్నాను. గుండెలవిసేలా ఏడ్చాను. ఏడ్చానే గానీ, "తియ్యబాకండి" అని ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. ఆ రోజు నుంచి అక్క పువ్వు పెట్టుకోకూడదు, ఇంకొకరి తల్లో తన చేత్తో పెట్టకూడదు. మొక్క నాటొచ్చు, నీళ్ళు పొయ్యొచ్చు, కొయ్యొచ్చు, కట్టొచ్చు, అమ్మొచ్చు. ఆమె కట్టిన పూలు అందరికీ పనికొస్తాయి, ఆమె పెట్టిన పూలు ఎవరికీ పనికిరావు. ఇంత చదివాను, ఈ తెలివితేటలు నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

నేనేదో గొప్పదాన్ననుకోకండి. ప్రతి ఆదివారం స్కూటీ మీద అక్క దగ్గరికి పోతాను. పోయేటప్పుడు తను ఒక మూర కనకాంబరాలు తుంచి నా చేతిలో పెడుతుంది. నేను ఆమె ముందరే నిలబడి, పిన్ను నోట్లో పెట్టుకుని, నా తల్లో నేనే తురుముకుంటాను. "కొంచెం పైకి పెట్టుకోమే, మరీ మెడ మీదికి దిగింది" అంటుంది తను. సర్దుకుంటాను. బండెక్కి వచ్చేస్తాను. ఎనిమిదేళ్ళు ఇదే తంతు. ఒక్క ఆదివారమైనా ఆ మూరలో సగం తుంచి ఆమె తల్లో పెట్టలేదు. పాళెం కట్టుబాటును తిట్టడానికి మాత్రం నాకు నోరు బాగానే లేస్తుంది.

పోయిన ఏడు అక్క కూతురికి ఏడో నెల వచ్చింది. సీమంతం పుట్టింట్లోనే చేద్దామన్నారు. పిల్ల అత్తగారు నాకు ఫోన్ చేసింది. అక్కకు కాదు, నాకు.

"వదిన కుడితేనే జడకు అందం. ఆమెనే కుట్టమనండి. పిల్లకు పెట్టేది మాత్రం మీ చేత్తో పెట్టండి, చిన్నమ్మగా. వదిన వంటలకాడ చూసుకుంటే మాకు నిశ్చింత" అంది.

ఆమె చెడ్డమనిషైతే బాగుండేది, తిట్టి ఫోన్ పెట్టేసేదాన్ని. కాదు. కోడలికి రొయ్యలు వండి పెడుతుంది, ఆస్పత్రికి వెంటబెట్టుకుని తిప్పుతుంది. తేనె పూసి మరీ చెప్పింది కన్నతల్లిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టమని. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అయినా "సరే చూద్దాం" అన్నాను. కోపం నిండా ఉన్నవాళ్ళు కూడా ఫోన్లో సరే చూద్దామనే అంటారు.

అక్కతో చెప్పాను. తను పూలు విడదీస్తూ తలెత్తలేదు. "వంట ఎట్టాగూ నేనే చెయ్యాల. ఆ జడ మాత్రం నా చేత్తో దాని తల్లో పెట్టాలని ఉండాదే" అంది. ఎనిమిదేళ్ళలో ఆమె నోరు తెరిచి ఏదైనా కావాలన్నది అదొక్కటే. నేను విన్నాను. విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు.

అప్పుడొచ్చాయి ఆ పూలు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి నెల్లూరులో పెళ్ళి మండపాలకు పూల అలంకరణ చేస్తుంది. ఆ శనివారం కాలేజీ గేటు దగ్గర బండాపి ఒక కట్ట నా చేతిలో పెట్టింది. "మేడం, క్లాసులో చెప్పేవాళ్ళే, జీన్ మార్చిన పూలని. ఇవే. ఎక్కడో విదేశం నుంచి వచ్చిన పెట్టెలో ఉన్నాయి" అంది. కార్నేషన్ పూలు. బ్లౌజు గుడ్డ కుచ్చిళ్ళు పెట్టినట్టు రేకుల మీద రేకులు. రంగు మాత్రం నిగనిగలాడే వంకాయ రంగు. పాఠం ఏటా చెప్పేదాన్నే గానీ, ఆ పువ్వును కళ్ళారా చూడటం అదే మొదలు. స్టాఫ్ రూములో దాన్ని చేతిలో తిప్పుకుంటూ చిన్నపిల్లలా మురిసిపోయాను.

మర్నాడు ఆదివారం. కట్టను అక్క దగ్గరికి తీసుకుపోయాను.

తను ఒకటి తీసుకుంది. రేకు గిల్లింది, వాసన చూసింది, కాడ చివర విరిచి వేలికి తడి తగిలిందో లేదో చూసింది. "ఈ రంగు ఎట్టొచ్చిందే దీనికి?" అంది.

చెప్పాను. ఈ మొక్కకు ఎరుపు చెయ్యడం వచ్చు, గులాబీ రంగు వచ్చు, తెలుపు వచ్చు, ఈ వంకాయ రంగు మాత్రం చేతకాదు. ఆ పని తెలిసిన జన్యువు వేరే మొక్కలో ఉంది. ఇంట్లో ఒకరికి అరిసెల పాకం పట్టడం రాకపోతే పక్కింటామెను పిలుచుకుంటాం కదా, అట్లా ఆ జన్యువును తీసుకొచ్చి, మట్టిలో ఉండే ఒక బాక్టీరియా చేత మోయించి, ఈ మొక్క కణంలో పెట్టారు. ఆ కణాన్నే మొక్కగా పెంచారు. ఇక దాని కొమ్మ ఎక్కడ నాటినా ఇదే రంగు.

"అంటే దేవుడు చేసింది గాదు."

"రంగు వరకూ మనుషులు చేసిందే."

అక్క నవ్వింది. "అయితే మనోళ్ళ కట్టుబాటు దీనికి తగలదులే. అది పెట్టినప్పటికి ఇది పుట్టనే లేదు గదా. నేను గూడా పెట్టుకోవచ్చు."

ఎగతాళికే అంది. అక్కకు నవ్వొచ్చినప్పుడు అట్లాగే అంటుంది. నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది. తల్లో పువ్వున్న మనిషిని పిల్లకు జడ పెట్టొద్దని ఎవరనగలరు? నా తెలివి తెల్లవార్లూ ఉండి తెల్లారే ముందు ఆరిపోయే రకం. అయినా ఆ క్షణాన నన్ను మించిన లాయరు లేదనిపించింది. అక్క చేతిలోంచి ఒక పువ్వు లాక్కుని, "ఇప్పుడే వస్తా" అని సముద్రం వైపు నడిచాను.

మా పాళెంలో తగవులు తీర్చే కులపెద్దను పెద్దకాపు అంటారు. ఆయన సరేనంటే పిల్ల అత్తగారు నోరెత్తదని నాకు తెలుసు. పడవల పక్కన తాటాకు పందిరి కింద కూర్చుని, వల కాలి బొటనవేలికి తగిలించి చిరుగులు కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి, "ఏందమ్మాయ్, లెక్చరరమ్మ ఎండలో ఇట్టొచ్చింది?" అన్నాడు.

"మామా, ఒక ధర్మసందేహం" అని పువ్వు చేతికిచ్చాను. సంగతంతా చెప్పాను. ఆయన వల పక్కన పెట్టి పువ్వును అటూ ఇటూ తిప్పాడు.

"వాసనుండాదా?"

"పెద్దగా లేదు."

"విత్తనం పడి మొలుస్తాదా?"

"వీళ్ళు కొమ్మలే నాటుతారు మామా."

"మన దేవుళ్ళకు ఎవరన్నా పెడతారా?"

"ఇంతవరకూ ఎవరూ పెట్టలా."

"రంగు మడుసులేసింది. వాసన లేదు. విత్తనం లేదు. దేవుడికి పెట్టరు. ఇంక ఇది పువ్వెట్టా అయితాది?" అని నా మొహంలోకి చూశాడు. "నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్పు. పువ్వా, కాదా?"

నేను చెప్పాల్సింది ఒకటే. వేలకు వేలు జన్యువులున్న మొక్కలో ఒకటో రెండో అటూ ఇటూ అయితే పువ్వు పువ్వు కాకుండా పోదు. రేకులున్నాయి, రక్షక పత్రాలున్నాయి, కాడలో నీళ్ళు పారుతున్నాయి. ఏటా పరీక్షలో నేనే అడుగుతాను పువ్వు భాగాలు రాయమని. రాయనివాడికి సున్నా వేస్తాను. అన్నీ తెలిసి, ఆ మొహంలోకి చూస్తూ, "కాదు మామా. ఇది పువ్వు కాదు" అన్నాను.

"ఇంకనేం. మొగుడు పోయినోళ్ళు ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టుకోవట్లా? ఇదీ అంతే. పెట్టుకోమను. ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పు" అని పువ్వు నా చేతికిచ్చి మళ్ళీ వల అందుకున్నాడు.

గెలిచానని ఎగురుకుంటూ వచ్చాను. దారిలోనే పిల్ల అత్తగారికి ఫోన్ చేసి చెప్పేశాను. ఆమె, "పెద్దకాపే అంటే మాదేముంది, అదొక్కటి పెట్టుకోని వచ్చి పిల్లకు జడ కూడా ఆమెనే పెట్టమనండి" అంది. గుమ్మంలోంచే అరిచాను అక్కా, ఒప్పించాను, ఆ పువ్వు పెట్టుకుని నీ చేత్తోనే జడ పెట్టొచ్చు అని.

అక్క కట్టే మూర ఆపింది. "ఏం జెప్పి ఒప్పించినావు?"

చెప్పాను. ఆయన అడిగినవీ, నేనన్నవీ, వరసగా. చెప్తుంటేనే అక్క మొహం మారిపోయింది. మా అక్కకు కోపం రాదని అందరూ అంటారు. ఎవరో కాదు, నేనూ అనేదాన్ని.

"వాసన లేదా? కనకాంబరానికి ఉండాదా వాసన? వెనక తోటలో నేనేసింది ఢిల్లీ కనకాంబరం, అది కాయ కాస్తాదా? కొమ్మ విరిచి నాటితేనేగా వచ్చేది. ఇన్నేళ్ళు నేను కట్టిందంతా పువ్వు గాదా అయితే?"

"నీ కోసమే కదక్కా చెప్పింది."

"కాడ విరిస్తే నీళ్ళొచ్చినాయి. రేకు గిల్లితే నల్లబడింది. నాలుగు రోజులు పోతే వాడిపోతాది. వాడిపోయేది పువ్వు గాక ఏందే? ప్లాస్టిక్ క్లిప్పు వాడతాదా?" గొంతు పైకి లేచింది. "నాకు పువ్వు పెట్టుకోవాలని ఉండాదే. పువ్వు గాదని నలుగురూ ఒప్పుకున్న దాన్ని పెట్టుకోవాలని ఎవురు చెప్పినారు నీకు? సదవేస్తే ఉన్న మతి పోయిందంట. నీ క్లాసు పిల్లోళ్ళకు గూడా ఇట్నే చెప్తావా?"

నాకూ కోపమొచ్చింది. నా కోపానికి బుద్ధి ఎప్పుడుంది గనక. "ఒకటి పట్టుకొస్తే అదీ వద్దంటావు. అయితే పొయ్యి దగ్గరే కూర్చో" అనేశాను. అంటూనే నాలుక కరుచుకున్నాను, కానీ అనేసిన మాట అనేసినట్టే. తను ఆపిన మూర మళ్ళీ అందుకుంది. మూర తుంచి నా చేతికివ్వలేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి పువ్వు లేని తలతో నెల్లూరికి వచ్చాను. దారి పొడుగునా కట్టుబాటు పెట్టినవాళ్ళనీ, పెద్దకాపునీ, అత్తగారినీ తిట్టుకున్నాను. నెల్లూరు దగ్గరపడే కొద్దీ తిట్లకు మనుషులు అయిపోయారు. మిగిలింది నేనే. ఎక్కడో ఎవరో మొక్కకు చేతకాని రంగును మొక్క చేత చేయించారు. నేను అక్క తల్లో ఒక్క పువ్వు పెట్టడానికి పువ్వునే కాదనాల్సి వచ్చింది. అంత పిరికిదాన్ని.

శుక్రవారం సీమంతం. సెలవు పెట్టి పొద్దున్నే పోయాను. అక్క నాతో మామూలుగానే మాట్లాడింది, ఉప్పు అందుకోమనీ, అరిటాకులు కడగమనీ. జడ అప్పటికే కుట్టేసి ఉంది. చిక్కటి కనకాంబరాలు, మధ్యలో వరసగా మల్లెమొగ్గలు. వంకాయ రంగు పూలు చెంబులో నీళ్ళలోనే ఉన్నాయి. చాలా వాటికి అంచులు ముడుచుకుని, రంగు మసకబారింది. ఒకటి రెండు మాత్రం ఇంకా బాగున్నాయి.

ఆడవాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చున్నారు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి గాజులు తొడిగారు, గంధం పూశారు. ఇక జడ. పళ్ళెం తెచ్చి నా చేతుల్లో పెట్టారు. పిల్ల మెడ తిప్పి వంటింటి వైపే చూస్తోంది. "అమ్మేది?" అంది.

అక్క వచ్చింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. కుడిచేతిలో చిన్న దండ ఉంది, జానెడుంటుంది. మధ్యలో ఒక వంకాయ రంగు పువ్వు, దానికి అటూ ఇటూ కనకాంబరాలు, కలిపి ఒకే నారతో కట్టింది.

పిల్ల అత్తగారు చూసింది. "అయ్యో వదినా, ఆ రంగుదొక్కటే గదా పెట్టుకోమనింది. కనకాంబరాలు ఎందుకు కలిపినారు? అది పువ్వు కాదన్నారు గాబట్టి సరిపోయింది గానీ" అంది, మెల్లగానే.

"ఇదీ పువ్వే, అదీ పువ్వే వదినా. పువ్వనే పెట్టుకుంటుండా" అంది అక్క.

అందరూ నా వైపు తిరిగారు. అత్తగారు నన్నే అడిగింది. "ఏందమ్మా, మీరే గదా చెప్పింది. పువ్వా, కాదా?"

"పువ్వే. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. పెద్దకాపు మామ దగ్గరికి పోయి కూడా ఇదే చెప్తాను" అన్నాను. ఇంత గట్టిగా అన్నానేమిటా అని తర్వాత అనిపించింది, వీధిలోకి వినపడి ఉంటుంది.

వెనక వరసలో ఇద్దరు లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. ఇంకొకామె లేవబోయి, పక్కామె కొంగు పట్టుకుని లాగితే మళ్ళీ కూర్చుంది. అత్తగారు కూడా వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. తల దించుకుని కోడలి గాజులు సర్దుతూ ఉండిపోయింది. ఆమెకు ఏమనిపించిందో నాకు తెలియదు, తర్వాత కూడా చెప్పలేదు.

అక్క వెళ్ళినవాళ్ళ వైపు చూడలేదు. దండను రెండు చేతులతో ఎత్తి వెనక్కి పట్టుకుంది. ముడి దగ్గర ఒకసారి పెట్టింది, జారింది. మళ్ళీ పెట్టింది, పక్కకు పోయింది. కళ్ళు మూసుకుని జడ కుట్టగల మనిషి, తన తల వెనక పువ్వెక్కడ పెట్టుకోవాలో చేత్తో తడుముకుంటోంది. పిన్ను కింద పడింది. మూడోసారి ప్రయత్నించి చేతులు దించేసింది.

"అలవాటు తప్పిందే. నువ్వు పెట్టు" అంది నాతో.

పళ్ళెం పిల్ల ఒళ్ళో పెట్టి, పిన్ను ఏరుకుని, అక్క వెనక నిలబడ్డాను. ఆ జుట్టును దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్ళయిందో. సగానికి పైగా తెల్లబడింది. నాకూ చెయ్యి ఆడలేదు. "ఎక్కడ పెట్టనక్కా?" అన్నాను.

"ప్రతి ఆదివారం చెప్తానే ఉంటినే నీకు. కొంచెం పైకి" అంది.

కొంచెం పైకే పెట్టాను. అక్క తల ఒకసారి అటూ ఇటూ కదిలించి, పడదని చూసుకుని, కూతురి వైపు తిరిగి చేతులు చాపింది.

"జడ ఇటియ్యి" అంది.